జాబ్ ఎందుకు ఆగిందో చదవడం

మన లెక్కలను ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లకు పంచి నడిపించే హెచ్‌టీకాండర్ అన్న సాఫ్ట్‌వేర్ గురించి కొత్తవాళ్లకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను ముందుగా కమాండ్ల జోలికి పోను. మనం పంపే జాబ్, అంటే నడిపించమని అప్పగించే లెక్క, మన ల్యాప్‌టాప్‌లో నడవదనీ, మనం ఎన్నడూ లాగిన్ కాని, మన ఫైళ్లు గానీ మనం ఇన్‌స్టాల్ చేసుకున్న ప్యాకేజీలు గానీ లేని ఏదో ఒక మెషీన్‌లో నడుస్తుందనీ మనసుకు ఎక్కితే, కమాండ్లు ఒక పూటలో వస్తాయి. అది ఎక్కకపోతే మాన్యువల్ మొత్తం చదివినా తికమక తీరదు.

బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ క్లస్టర్‌ను, అంటే కలిపి వాడే కంప్యూటర్ల గుంపును, చూసుకోవడం నా ఉద్యోగం. కొత్త విద్యార్థులు చేరే రోజుల్లో వారిలో తెలుగువాళ్లెవరైనా ఉంటే నా దగ్గరికి పంపుతారు. ఈసారి వచ్చిన అమ్మాయిది పార్వతీపురం వైపు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది, పైథాన్ చక్కగా రాస్తుంది, లినక్స్‌లో తడబాటు లేదు. గురుత్వ తరంగాల (భారీ ఖగోళ వస్తువుల కదలికతో స్థలకాలంలో పుట్టే అలల) సంకేతాలను అనుకరించే ప్రోగ్రామును వేల రకాల ద్రవ్యరాశులకూ భ్రమణ వేగాలకూ విడివిడిగా నడపడం ఆమెకు అప్పగించిన పని. ఒకదాని ఫలితంతో మరొకదానికి సంబంధం ఉండదు కాబట్టి హెచ్‌టీకాండర్‌కు ఇంతకంటే తగిన పని ఉండదు.

ఈ సాఫ్ట్‌వేర్ పుట్టుక తెలిస్తే దాని స్వభావం అర్థమవుతుందని నా నమ్మకం. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయంలో మిరాన్ లివ్నీ బృందం దీన్ని కాండర్ అన్న పేరుతో మొదలుపెట్టింది. 2012లో పేరు హెచ్‌టీకాండర్‌గా మారింది. విభాగంలో వాడకుండా ఖాళీగా ఉన్న వర్క్‌స్టేషన్ల మీద ఇతరుల లెక్కలు నడిపించడం, యజమాని వచ్చి కీబోర్డు మీద చెయ్యి వేయగానే అక్కడి నుంచి తప్పుకోవడం అప్పటి ఆలోచన. ఈనాడు పెద్ద పెద్ద డేటా సెంటర్లలో నడుస్తున్నా ఆ మర్యాద దాని లోపల అలాగే ఉంది. ఊరు విడిచి ఇక్కడికి వచ్చిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు: పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నదే మనది, ఇంటి ఓనర్లు ఖాళీ చేయమన్న రోజున చేయవలసిందే. ఇలా చెప్పినప్పుడు ఆ అమ్మాయి వెంటనే సబ్మిట్ ఫైలు తెరిచి, తన ప్రోగ్రాముకు కావలసిన డేటా ఫైళ్లలో దేన్నీ వెంట పంపలేదని తనే గమనించింది.

సబ్మిట్ ఫైలంటే పది పదిహేను వరుసల మామూలు టెక్స్ట్ ఫైలు. ఏ ప్రోగ్రాము నడవాలి, దానితో ఏ ఫైళ్లు వెళ్లాలి, అది తెరమీద రాసే మాటలూ తప్పుల సందేశాలూ ఏ ఫైళ్లలో చేరాలి, ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు), ఎంత మెమరీ, ఎంత డిస్కు కావాలి అన్నది రాసి, చివర క్యూ అన్న మాట పక్కన వెయ్యి అని పెడితే వెయ్యి జాబులు తయారవుతాయి. ఒక్కొక్క దానికి సున్నా నుంచి మొదలయ్యే ప్రాసెస్ నంబరు వస్తుంది. ప్రోగ్రాము ఆ నంబరును తీసుకుని పట్టికలో తనకు రావలసిన విలువలను ఎంచుకుంటుంది.

ఆమె మొదట పంపిన జాబులు కొద్ది సెకన్లలోనే క్యూలోంచి మాయమయ్యాయి. పూర్తయ్యాయనుకుని సంతోషించింది గానీ ఫలితాల ఫైళ్లు లేవు. ఇక్కడ కొత్తవాళ్లకు తప్పక చెప్పవలసిన విషయం ఒకటుంది. ప్రోగ్రాము ఏదో ఒక విధంగా ముగిస్తే చాలు, హెచ్‌టీకాండర్ మామూలుగా ఆ జాబ్ అయిపోయినట్టే లెక్క వేస్తుంది. అది ఫలితం ఇచ్చి ముగిసిందా, ఫైలు దొరక్క ఆగిపోయిందా అన్న విచారణ మనదే. జాబ్‌కు జరిగినవి నమోదయ్యే లాగ్ ఫైలులో ముగింపు కోడ్ సున్నా (అంటే సవ్యంగా ముగిసిందని) కాకపోతే ఎర్రర్ ఫైలు తెరవాలి. కావాలంటే సబ్మిట్ ఫైలులో మ్యాక్స్ రీట్రైస్ అన్న వరుస చేర్చి మళ్లీ ప్రయత్నించమనవచ్చు గానీ, ఫైలే వెంట వెళ్లనప్పుడు ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు.

ఫైళ్ల సంగతి సరిచేశాక మరో ఇబ్బంది వచ్చింది. "అక్కా, నా జాబులన్నీ హోల్డ్‌లో ఉన్నాయి, అడ్మిన్ వాళ్లు ఆపేశారా?" అని భయపడుతూ అడిగింది. "ఎవరూ ఆపలేదమ్మా, కారణం అక్కడే రాసి ఉంటుంది, హోల్డ్ అని జోడించి కాండర్ క్యూ కమాండ్ కొట్టి చదువు" అన్నాను. అడిగిన దానికంటే ఎక్కువ మెమరీ వాడినందువల్ల ఆగిందని ఒక్క వాక్యంలో కనిపించింది. జాబును రద్దు చేసి మళ్లీ పంపవలసిన పని కూడా లేదు; కాండర్ క్యూఎడిట్ కమాండ్‌తో మెమరీ కోరికను పెంచి, కాండర్ రిలీజ్ కమాండ్ ఇస్తే అదే జాబ్ తిరిగి వరుసలోకి వస్తుంది.

ఆ భయం గురించి కొంచెం చెప్పాలి. మన జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, తెలుగులో ఎంత గట్టిగా ప్రశ్న వేయగలవాళ్లయినా, ఇక్కడి ఇంగ్లీషు మీటింగుల్లో నోరు విప్పడానికి వెనుకాడతారు. జాబ్ ఆగితే తాము ఏదో చెడగొట్టామనీ, అడిగితే చిన్నబుచ్చుతారనీ అనుకుని రోజుల తరబడి మౌనంగా ఉండిపోతారు. వాళ్లకు జవాబు చెప్పడం కంటే జవాబు ఎక్కడ రాసి ఉందో చూపడం ఎక్కువ మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. యంత్రం చెప్పే కారణాన్ని తనంతట తాను చదవగలిగిన విద్యార్థికి ఎవరి ముందూ సంకోచించవలసిన అవసరం ఉండదు.

మెమరీ దెబ్బ తిన్నాక, ముందు జాగ్రత్తగా ఒక్కొక్క జాబుకు అరవై నాలుగు గిగాబైట్లు అడిగింది. అప్పుడు అవి ఐడిల్ స్థితిలో, అంటే మెషీన్ కోసం ఎదురుచూస్తూ, కదలకుండా కూర్చున్నాయి. దీనికి ఈ సాఫ్ట్‌వేర్ లోపలి పెళ్లిచూపుల వ్యవస్థ తెలియాలి. ప్రతి జాబూ, ప్రతి మెషీనూ తన గుణాలనూ తన షరతులనూ క్లాస్‌యాడ్ అనే ప్రకటనగా రాసుకుంటాయి. మెషీన్ల ప్రకటనలను కలెక్టర్ అనే భాగం సేకరిస్తుంది, జాబుల వరుస షెడ్డీ దగ్గర ఉంటుంది, నెగోషియేటర్ ఇరువైపుల షరతులూ కుదిరిన జంటలను కలుపుతుంది, మెషీన్ వైపు స్టార్ట్‌డీ దాన్ని స్వీకరిస్తుంది. బెటర్ అనలైజ్ అన్న ఎంపికతో కాండర్ క్యూ కొడితే, ఏ షరతుకు ఎన్ని స్లాట్లు (జాబ్ నడవడానికి మెషీన్లు ఇచ్చే చోట్లు) సరిపోయాయో వరుసగా చూపిస్తుంది. ఆమె మెమరీ షరతు దగ్గర ఆ సంఖ్య సున్నాకు పడిపోయింది, అంటే అంత మెమరీ ఇవ్వగల చోటు ఒక్కటీ లేదు.

మరి ఎంత అడగాలి? ముందు ఐదారు జాబులు మాత్రమే పంపి, లాగ్ చివర వచ్చే చిన్న పట్టిక చూడాలి. కోర్లు, డిస్కు, మెమరీ ఒక్కొక్కటీ ఎంత వాడారో, ఎంత అడిగారో, ఎంత కేటాయించారో అక్కడ పక్కపక్కనే ఉంటాయి. వాడిన దానిపైన కొంత వెసులుబాటు ఉంచి అడిగితే ఎక్కువ మెషీన్లు సరిపోతాయి, తోటివాళ్లకూ చోటు మిగులుతుంది. ఎక్కువ వాడినవాళ్ల ప్రాధాన్యం తగ్గుతుందన్న విషయాన్ని శిక్షగా భావించకూడదని కూడా చెప్పాను. డిఫాల్టు అమరికలో పాత వాడకం ప్రభావం ఒక్కో రోజుకు సగం చొప్పున కరిగిపోతుంది.

ఆమె స్నేహితురాలు భారతీయ విజ్ఞాన సంస్థలో ఉంది. అక్కడ 2022లో మొదలైన పరమ్ ప్రవేగ అన్న సూపర్‌కంప్యూటర్ సామర్థ్యం 3.3 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు 3,300 లక్షల కోట్ల లెక్కలు. అంత పెద్ద యంత్రం ఉండగా ఇదెందుకని ఈమెకు అనుమానం వచ్చింది. వందల కోర్లు క్షణక్షణం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఒకే లెక్క చేయవలసిన చోట అలాంటి సూపర్‌కంప్యూటరూ, దాని కోర్లను జాబులకు పంచే స్లర్మ్ వంటి షెడ్యూలరూ కావాలి. నెలరోజుల్లో ఎన్ని వేల విడి లెక్కలు ముగిశాయన్నదే ముఖ్యమైన చోట హెచ్‌టీకాండర్ సరైనది. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో అబ్జర్వేటరీ పరికరాలు మొదటిసారి గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి; ఆ డేటాను లెక్కకట్టిన సంకేతాల నమూనాలతో పోల్చి చూసే పైసీబీసీ వంటి ప్రోగ్రాములు ఇలాంటి విడి జాబుల గుంపులుగానే హెచ్‌టీకాండర్ మీద నడుస్తాయి. తను నేర్చుకుంటున్నది ఆ పనికి వాడిన సాధనమేనని తెలిసినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన ఉత్సాహం నాకు చాలా తృప్తినిచ్చింది.

అనుకరణలు అయ్యాక ఫలితాలను కలపాలి, తర్వాత పటాలు గీయాలి. ఈ ముందువెనుకలను హెచ్‌టీకాండర్‌లోని డాగ్‌మాన్ అన్న భాగానికి రాసిస్తే అదే క్రమంలో పంపుతుంది. మధ్యలో ఏదైనా విఫలమైతే రెస్క్యూ ఫైలు రాసి పెడుతుంది కాబట్టి, తప్పు సరిచేసి మళ్లీ నడిపినప్పుడు అయిపోయినవాటిని వదిలి మిగిలిన చోటి నుంచి సాగుతుంది.

ఇదంతా అపాచీ 2.0 లైసెన్సు కింద అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్. లైసెన్సు ఖర్చు మిగలడం చిన్న కళాశాలలకు పెద్ద సాయమే గానీ, విద్యార్థికి అంతకంటే విలువైనది మరొకటుంది: సొంత ల్యాప్‌టాప్‌లోనే చిన్న పూల్ (హెచ్‌టీకాండర్ చూసుకునే మెషీన్ల గుంపు) పెట్టుకుని, ఎవరి అనుమతీ లేకుండా, షెడ్డీ నుంచి స్టార్ట్‌డీ దాకా అన్నింటినీ పాడుచేసి బాగుచేసి చూసుకోవచ్చు. ఆమె ఒక సెలవు రోజున తన పీజీ గదిలో అదే చేసింది. సోమవారం నాటికి అడగడానికి తెచ్చిన ప్రశ్నలు నన్ను కూడా మాన్యువల్ తెరిపించాయి.

ప్రస్తుతం ఆమె పొడవైన అనుకరణల దగ్గర ఉంది. అవి సగం నడిచాక మెషీన్ నుంచి ఖాళీ చేయవలసి వస్తే మొదటి నుంచి మొదలవుతున్నాయి. ప్రోగ్రాము అప్పుడప్పుడూ తన స్థితిని ఫైలులో దాచి, 85 అన్న కోడ్‌తో తనంతట తాను ఆగేలా రాసి, సబ్మిట్ ఫైలులో చెక్‌పాయింట్ ఎగ్జిట్ కోడ్ అన్న వరుసలో అదే సంఖ్య ఇస్తే, హెచ్‌టీకాండర్ ఆ ఫైళ్లను భద్రపరచి జాబును అక్కడి నుంచే కొనసాగిస్తుంది. ఏ దశలో ఏయే విలువలు దాచాలన్నది భౌతికశాస్త్రం తెలిసిన ఆమే తేల్చాలి. ఆ జాబితా రాసి తెమ్మన్నాను.