ఆ టిక్ తీసేయకండి బాబూ

ఫోటోషాప్‌లో లేయర్లున్న (అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలున్న) ఫైలు సేవ్ చేస్తుంటే 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' అని ఒక చిన్న బాక్సు అడ్డం వస్తుంది చూడండి, మన ఆల్బమ్ డిజైనర్లు చాలామంది దాన్ని చదవరు. ఫైలు సైజు పెరుగుతుందని ఎవరో చెప్పారని టిక్ తీసేసి, మళ్లీ అడగొద్దని కూడా చెప్పేసి ఓకే కొట్టేస్తారు. ఇక అక్కడి నుంచి ఆ సిస్టమ్‌లో సేవ్ అయ్యే ప్రతి పీఎస్‌డీ (ఫోటోషాప్ సొంత ఫైలు) అలాగే వెళ్తుంది, ఎవరికీ గుర్తు కూడా ఉండదు.

మొన్న మాఘమాసం పెళ్లిళ్ల హడావిడిలో చీపురుపల్లి వైపు నుంచి స్టూడియో నడిపే బావ ఒకడు ఫోన్ చేశాడు. "ఏటి బావా, షీట్లన్నీ తెల్లగా వస్తన్నాయి, పెన్‌డ్రైవ్ పోనాదేటి?" అని ఒకటే టెన్షన్. పెన్‌డ్రైవ్‌కి ఏమీ కాలేదు. తెల్లగా ఉన్న ఆ షీటుని దగ్గరికి జూమ్ చేసి చూడమన్నాను. అందులో చిన్న అక్షరాలతో, ఇంగ్లీషుతో పాటు ఇంకా చాలా భాషల్లో ఒకటే మాట ఉంటుంది: ఈ లేయర్ల ఫైలుని కాంపోజిట్ బొమ్మ (లేయర్లన్నీ కలిపిన బొమ్మ) లేకుండా సేవ్ చేశారు అని. అది ఫోటోషాప్ రాసి పెట్టిన చీటీ. ఫైలు పాడైపోయిందనుకుని కంగారుపడి, ఉన్నదాన్ని డిలీట్ చేసేవాళ్లు కూడా ఉంటారు, అదీ అసలు ప్రమాదం.

జరిగేది ఇంతే. పీఎస్‌డీలో లేయర్లు ఒక భాగంలో ఉంటాయి, వాటన్నిటినీ కలిపితే వచ్చే పూర్తి బొమ్మ ఫైలు చివర ఇంకో భాగంలో ఉంటుంది. ఫోటోషాప్ లేయర్లు చదివి బొమ్మని తనే కట్టుకుంటుంది కాబట్టి దానికి ఈ చివరి భాగంతో పెద్దగా పనిలేదు. ఇర్ఫాన్‌వ్యూ లాంటి, ఫోటోలు చూపించడానికే ఉన్న వ్యూయర్లకి లేయర్ల గొడవ అక్కర్లేదు, అవి నేరుగా ఆ చివరి బొమ్మే తీసి చూపిస్తాయి. టిక్ తీసేస్తే ఆ స్థానంలో తెల్ల కాగితం, దాని మీద చీటీ. ఫోటోలు సర్దుకుని దిద్దుకునే లైట్‌రూమ్ క్లాసిక్ అయితే అలాంటి ఫైలుని అసలు ఇంపోర్టే చేసుకోదు. ఫోటోషాప్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ గింప్ లేయర్లని సొంతంగా చదువుతుంది కాబట్టి తెరుస్తుంది గానీ, అడ్జస్ట్‌మెంట్ లేయర్లూ (కింది బొమ్మ రంగు, వెలుతురు మార్చేవి) స్మార్ట్ ఆబ్జెక్టులూ (అసలు బొమ్మని చెడకుండా లోపల దాచుకునే లేయర్లు) ఉంటే మీరు చూసిన రంగులే అక్కడా కనిపిస్తాయని నేనైతే చెప్పలేను.

సైజు సంగతి నిజమే, కాదనను. మనం చేసే 12×36 అంగుళాల షీటు అంగుళానికి 300 పిక్సెళ్ల రిజల్యూషన్‌లో 10,800×3,600 పిక్సెళ్లు, అంటే ఆ కలిపిన బొమ్మ ఒక్కటే కుదించకముందు 110 ఎంబీ పైమాటే. డిస్కు మీదకి వచ్చేసరికి కొంత తగ్గుతుంది గానీ, ముప్పై షీట్ల ఆల్బమ్‌కి అది జీబీల్లోకే వెళ్తుంది. పైగా పీఎస్‌డీ 2 జీబీ దాటితే సేవ్ అవదు, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీకి మారాలి. అయినా సరే నా ఓటు టిక్ ఉంచడానికే. హార్డ్ డిస్కు నిండితే ఇంకోటి కొనుక్కోవచ్చు, రేపు రిసెప్షన్ పెట్టుకుని ఈ రాత్రి తెల్ల షీట్లు కనిపిస్తే పెళ్లివారికి ఏం చెప్తాం?

మన వైపు ఇంకో తిరకాసు ఉంది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర కూర్చుని కొత్త ఫోటోషాప్‌లో డిజైన్ చేసినదాన్ని పాలకొండలోనో టెక్కలిలోనో 2002 నాటి ఫోటోషాప్ 7.0 మీద తెరిచేవాళ్లు ఇంకా ఉన్నారు. స్మార్ట్ ఆబ్జెక్టులు 2005లో సీఎస్2తో వచ్చాయి, పాతదానికి అవేంటో తెలీదు. అలాంటప్పుడు ఆ కలిపిన బొమ్మ ఉంటే కనీసం మీరు చేసిన డిజైన్ ఎలా ఉందో అవతలివాళ్లకి కనిపిస్తుంది.

ప్రింట్ కోసం ల్యాబ్‌కి పంపేది మాత్రం ఎలాగూ ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో ఉండే, లేయర్లు లేని జేపీఈజీనే, అందులో ఈ గొడవ లేదు. కొత్త వెర్షన్లలో 'సేవ్ యాజ్' కింద జేపీఈజీ కనిపించట్లేదని కొందరు తిట్టుకుంటున్నారు. 2021లో దాన్ని 'సేవ్ ఎ కాపీ' కిందకి మార్చారు, ప్రిఫరెన్సెస్‌లో 'లెగసీ సేవ్ యాజ్' ఆన్ చేస్తే పాత పద్ధతి వచ్చేస్తుంది. అన్నట్టు సిరిమాను పండక్కి కట్టే ఫ్లెక్సీ ఫైలుని సీఎంవైకే (ప్రింటింగ్ ఇంకుల రంగుల పద్ధతి) జేపీఈజీగా అలాగే వాట్సాప్‌లో పెట్టకండి, కొన్ని వ్యూయర్లలో రంగులు తిరగబడి అమ్మవారి పసుపు ఇంకేదోలా కనిపిస్తుంది. స్క్రీన్లు వాడే ఆర్‌జీబీకి మార్చి పంపండి.

సెట్టింగ్ ఎక్కడంటే: ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఫైల్ హ్యాండ్లింగ్. అక్కడ కంపాటిబిలిటీ ఎదురుగా 'నెవర్' ఉంటే 'ఆల్వేస్' చేయండి. దీనివల్ల పాత ఫైళ్లు వాటంతటవే బాగుపడవు, మళ్లీ సేవ్ చేయాల్సిందే. ఒక్కోటి తెరుచుకుంటూ కూర్చోవక్కర్లేదు, ఫైల్ మెనూలో స్క్రిప్ట్స్ కింద 'ఇమేజ్ ప్రాసెసర్' ఉంది. ఫోల్డర్ చూపించి, 'సేవ్ యాజ్ పీఎస్‌డీ' దగ్గరున్న కంపాటిబిలిటీ టిక్ పెట్టి రన్ కొడితే వేరే ఫోల్డర్లో కొత్త కాపీలు చేసి పెడుతుంది. బావకి అదే చెప్పాను, అన్నానికి వెళ్లే ముందు రన్ కొట్టి వెళ్లమని.