ఆర్‌టీఎక్స్ 3080 ట్యూనింగ్ లాగ్: 875 మిల్లీవోల్టుల దగ్గర 1890 మెగాహెర్ట్జ్

కార్డు ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3080, 10 జీబీ మోడల్. పని అండర్‌వోల్ట్, అంటే అదే క్లాక్‌ని (చిప్ వేగాన్ని) తక్కువ వోల్టేజ్‌తో నడపడం. రెండు 8-పిన్ కనెక్టర్లు, ఫ్యాక్టరీ పవర్ లిమిట్ 320 వాట్లు. మానిటర్ 1440పీ, 165 హెర్ట్జ్. కావలసినవి మూడు: గంటల తరబడి ఆడినా క్లాక్ ఒకేచోట నిలబడాలి, ఫ్యాన్ల మోత తగ్గాలి, '1% లో' (అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల రేటు) పడిపోకూడదు. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) రెండు మూడు పెరిగితే మంచిదే, కానీ దానికోసం ఈ పని పెట్టుకోలేదు.

వాడుతున్న సాఫ్ట్‌వేర్: సెట్టింగులకు ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, రీడింగులకు హెచ్‌డబ్ల్యూఇన్ఫో64, క్లాక్ ఎందుకు ఆగుతోందో చూడటానికి జీపీయూ-జెడ్, ఫ్రేమ్ టైమ్‌లకు క్యాప్‌ఫ్రేమ్ఎక్స్, లోడ్‌కు 3డీమార్క్‌లోని పరీక్షలు టైమ్ స్పై, పోర్ట్ రాయల్.

స్టాక్‌లో (ఫ్యాక్టరీ సెట్టింగులతో) ఎలా ఉంది

దేన్నీ ముట్టుకోకముందు చూడాల్సింది జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం. ఆడే గేమ్‌లో అది 95 శాతానికి దిగువనే తిరుగుతుంటే అడ్డం ప్రాసెసరో ఫ్రేమ్ క్యాపో అయి ఉంటుంది. అలాంటప్పుడు కార్డు క్లాక్ ఎంత పెంచినా ఫ్రేములు పెరగవు. ఇక్కడ వాడకం 97 నుంచి 99 మధ్య ఉంది కాబట్టి ముందుకు వెళ్లొచ్చు.

టైమ్ స్పై నడుస్తున్నంతసేపూ క్లాక్ 1815 నుంచి 1935 మధ్య ఊగుతోంది. వోల్టేజ్ కూడా దాంతోపాటే ఎక్కి దిగుతోంది. జీపీయూ-జెడ్‌లో క్లాక్ ఆగడానికి కారణం చూపే వరుసలో ఎక్కువసేపు కనిపిస్తున్నది పవర్. అంటే కార్డుకు ఇంకా పైకెళ్లే ఓపిక ఉన్నా 320 వాట్ల గీత దాటలేక వెనక్కి తగ్గుతోంది. ఈ స్థితిలో ఆఫ్టర్‌బర్నర్‌లో కోర్ (ప్రధాన చిప్) క్లాక్ స్లైడర్‌ని +100 చేసి వదిలేస్తే క్లాక్ కొంచెం పెరుగుతుంది, ఊగిసలాట మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఈ తరం కార్డులకు ముందు చేయాల్సింది వోల్టేజ్ తగ్గించడమే అని నా గట్టి నమ్మకం.

లెక్క తేలికే. చిప్ తినే డైనమిక్ పవర్ క్లాక్‌తో నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గం చొప్పున పెరుగుతుంది. 1890 మెగాహెర్ట్జ్‌కి ఈ కార్డు మామూలుగా 1.000 వోల్టు దాకా తీసుకుంటోంది. అదే క్లాక్‌ని 0.875 దగ్గర నడిపించగలిగితే 0.875ని 0.875తో గుణించగా వచ్చేది సుమారు 0.77. కోర్ డైనమిక్ పవర్‌లో దాదాపు 23 శాతం మిగులుతుంది. ఆ మిగులే క్లాక్‌ని కదలకుండా పట్టి ఉంచుతుంది.

కోర్ కర్వ్

ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజ్-ఫ్రీక్వెన్సీ కర్వ్, అంటే ఏ వోల్టేజ్ దగ్గర ఎంత క్లాక్ అని చూపే గీత, తెరుచుకుంటుంది. క్లాక్ 15 మెగాహెర్ట్జ్ మెట్లలో కదులుతుంది, వోల్టేజ్ పాయింట్లు 6.25 మిల్లీవోల్టులకు ఒకటి చొప్పున ఉంటాయి. స్టాక్‌లో 875 దగ్గర ఈ కార్డు చూపేది 1725. కావలసింది 1890. తేడా 165, అంటే 11 మెట్లు.

చాలామంది 875 దగ్గరున్న ఒక్క చుక్కనే పట్టుకుని 1890కి లాగేస్తారు. దాంతో ఎడమ పక్క చుక్కలన్నీ స్టాక్‌లోనే ఉండిపోయి, ఆ ఒక్కచోట కర్వ్ గోడలా నిలువుగా లేస్తుంది. ఆఫ్టర్‌బర్నర్ 1890 అనే చూపిస్తుంది, స్కోర్ మాత్రం రాదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో64లో ఎఫెక్టివ్ క్లాక్ అనే వరుస చూస్తే సంగతి తెలుస్తుంది: అడిగిన క్లాక్‌కీ నిజంగా నడుస్తున్న క్లాక్‌కీ మధ్య పదుల మెగాహెర్ట్జ్ తేడా. దీన్ని గమనించకపోతే "అండర్‌వోల్ట్ చేస్తే పనితీరు పోతుంది" అనే తప్పు అభిప్రాయం మిగిలిపోతుంది.

సరైన పద్ధతి ఇది. ముందు మెయిన్ విండోలో కోర్ స్లైడర్‌ని +165 చేసి అప్లై నొక్కాలి. మొత్తం కర్వ్ ఆకారం చెడకుండా పైకి జరుగుతుంది. తర్వాత కర్వ్ విండోలో షిఫ్ట్ పట్టుకుని 875కి కుడి పక్కనున్న చుక్కలన్నిటినీ మౌస్‌తో ఎంచుకుని, 1890 గీత కిందికి లాగి మళ్లీ అప్లై చేయాలి. 875 నుంచి కుడివైపు అంతా సమతలంగా అయిపోతుంది. కార్డు ఇక అంతకు మించి వోల్టేజ్ అడగదు.

ఒక మెలిక ఉంది. ఉష్ణోగ్రతను బట్టి కర్వ్ తనంతట తానే ఒకటి రెండు మెట్లు జరుగుతుంది. కార్డు చల్లగా ఉన్నప్పుడు 1890 అని పెట్టింది వేడెక్కాక 1875 అవుతుంది. దాన్ని చూసి ఆఫ్‌సెట్ (ఆ +165 లాంటి పెంపు) పెంచితే, మర్నాడు చల్లటి కార్డు మీద గేమ్ తెరిచిన మొదటి నిమిషంలో క్రాష్. అందుకని పది పదిహేను నిమిషాలు లోడ్ మీద ఉంచి, వేడిగా ఉన్నప్పుడే కర్వ్ గీయాలి. ఆపైన పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ పరీక్షించాలి.

ఎంతవరకు నిలబడింది? 1920 టైమ్ స్పైని దాటింది, పోర్ట్ రాయల్‌లో పడిపోయింది. 1905 పోర్ట్ రాయల్‌ని దాటింది కానీ రే ట్రేసింగ్ (కాంతి కిరణాలను లెక్కగట్టి బొమ్మ గీయడం) ఉన్న గేమ్‌లో చాలాసేపటికి డ్రైవర్ రీసెట్ అయింది. 1890 ఇప్పటిదాకా ఎక్కడా తొణకలేదు. రే ట్రేసింగ్ లేని మామూలు (రాస్టర్) లోడ్ ఒక్కటే పెట్టి స్థిరం అని తేల్చేయకూడదు. రే ట్రేసింగ్, డీఎల్ఎస్ఎస్ (ఏఐతో చిత్రం రిజల్యూషన్ పెంచే పద్ధతి) ఆన్ చేస్తే చిప్‌లో వేరే యూనిట్లు కూడా పనిలోకి వస్తాయి, అసలు బలహీనత అక్కడే బయటపడుతుంది. 3డీమార్క్ స్ట్రెస్ టెస్ట్ 20 లూపులు తిప్పి 97 శాతం దాటితే పాస్ అంటుంది. దాన్ని తొలి వడపోతగా మాత్రమే చూడాలి. ఫర్‌మార్క్ అనే లోడ్ పరీక్ష జోలికి వెళ్లలేదు. అది కార్డును నేరుగా పవర్ లిమిట్‌కి గుద్దేస్తుంది, క్లాక్ దిగిపోతుంది, పరీక్షించాల్సిన పై పాయింట్ అసలు వాడకంలోకే రాదు.

ఇక కర్వ్ మొత్తం పైకి జరపడంలో ఉన్న రిస్క్: కింది వోల్టేజ్ పాయింట్లకు కూడా +165 అంటుకుంటుంది. భారీ సీన్లలో అంతా బాగుండి, మెనూలోనో లోడింగ్ స్క్రీన్‌లోనో, గేమ్‌ని పక్కనపెట్టి బ్రౌజర్‌కి వెళ్లినప్పుడో క్రాష్ అయితే అనుమానం కింది పాయింట్ల మీదే పడాలి. తేలికపాటి లోడ్‌లో కార్డు వాడేది వాటినే. కర్వ్ విండోలో ఒక చుక్కను ఎంచుకుని ఎల్ నొక్కితే కార్డు ఆ పాయింట్ దగ్గరే లాక్ అవుతుంది. అలా 725, 750, 775, 800, 850 ఒక్కోదాన్ని లాక్ చేసి పరీక్షిస్తే ఇక్కడ 725, 750 రెండూ తడబడ్డాయి. ఆ ప్రాంతాన్ని రెండు మెట్లు, అంటే 30 మెగాహెర్ట్జ్ దించాక సద్దుమణిగింది. పరీక్ష అయ్యాక మళ్లీ ఎల్ నొక్కి లాక్ తీసేయాలి, లేదంటే ఖాళీగా ఉన్నప్పుడు కూడా కార్డు అదే క్లాక్‌లో ఉండిపోతుంది.

క్రాష్ అయిన ప్రతిసారీ పీసీ రీస్టార్ట్ చేయాలి. డ్రైవర్ కోలుకున్నట్టు కనిపించినా క్లాక్ తక్కువలో ఇరుక్కుపోవచ్చు, ఆఫ్‌సెట్ పోవచ్చు. ఆ స్థితిలో తీసిన రీడింగ్ చెత్తబుట్టకే.

మెమరీ

జీడీడీఆర్6ఎక్స్ మెమరీ విషయంలో పాత అనుభవం పనికిరాదు. ఇదివరకటి కార్డుల్లో మెమరీ క్లాక్ ఎక్కువైతే తెర మీద చుక్కలు, గళ్లు మెరిసేవి. ఇందులో తప్పు వచ్చిన డేటాని గుర్తించి మళ్లీ పంపించే ఏర్పాటు ఉంది. తెర శుభ్రంగానే ఉంటుంది, పంపిందే మళ్లీ పంపడంలో సమయం పోయి పనితీరు తగ్గుతుంది. కాబట్టి చూడాల్సింది తెరని కాదు, స్కోర్‌ని.

స్టాక్‌లో ఆఫ్టర్‌బర్నర్ చూపేది 9501, అంటే పిన్‌కి సెకనుకు 19 గిగాబిట్లు. 320-బిట్ బస్ మీద సెకనుకు 760 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్. +500 పెడితే 20 గిగాబిట్లు, 800 గిగాబైట్లు. బ్యాండ్‌విడ్త్ 5 శాతం పైచిలుకు పెరిగితే టైమ్ స్పై గ్రాఫిక్స్ స్కోర్ పెరిగింది 2 శాతం లోపే. +750 దగ్గర ఇంకో చిటికెడు. +1000 దగ్గర స్కోర్ +750 కంటే కిందికి దిగింది, క్రాష్ మాత్రం లేదు. అక్కడితో హద్దు తెలిసిపోయింది. ప్రతి మెట్టు దగ్గరా తొలి రన్ వదిలేసి, వేడెక్కాక తీసిన రన్‌ల సగటే రాయాలి. ఒక శాతం లోపు తేడాని లాభంగా లెక్కెయ్యకూడదు.

చివరికి +500 దగ్గరే ఆపడానికి కారణాలు రెండు. మెమరీ జంక్షన్ (మెమరీ చిప్ లోపలి ఉష్ణోగ్రత) 110 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తానే మెమరీని తగ్గిస్తుంది. +750తో వేసవి రోజుల్లో ఆ గీతకి మరీ దగ్గరవుతుంది. రెండోది, మెమరీ తినే వాట్లు కూడా అదే 320లోంచి పోతాయి. మెమరీని ఎంత తోస్తే కోర్‌కి అంత తక్కువ మిగులుతుంది.

కోర్ అండర్‌వోల్ట్ అయ్యాక జంక్షన్ ఉష్ణోగ్రత కూడా కొన్ని డిగ్రీలు దిగింది, హీట్‌సింక్ ఒకటే కాబట్టి. అప్పటికీ 105 దాటుతుంటే మెమరీ వేడిని కూలర్‌కి చేరవేసే థర్మల్ ప్యాడ్లు మార్చాల్సిన సమయం. అయితే ప్యాడ్ మందం కార్డుకో తీరు. ఊహించి కొనకూడదు, ఆ మోడల్‌కి ఎంతో కచ్చితంగా తెలుసుకోవాలి. మందం ఎక్కువైతే కూలర్ కోర్ మీద సరిగా కూర్చోదు. మెమరీ చల్లబడి కోర్ హాట్‌స్పాట్ (కోర్‌లో అతి వేడిగా ఉండే చోటు) ఎగబాకిందంటే కారణం అదే.

పీసీ ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోతే లేదా తనంతట తానే రీస్టార్ట్ అయితే అది చాలావరకు క్లాక్ తప్పు కాదు, పవర్ సప్లై చేతులెత్తేసింది. ఈ కార్డు క్షణకాలం పాటు 320 వాట్లకు చాలా పైకి ఎగురుతుంది. ఎన్‌విడియా సిఫారసు 750 వాట్లు. రెండు 8-పిన్‌లకు ఒకే తీగ చీలికలు వాడకుండా రెండు వేర్వేరు కేబుళ్లు వేయాలి. కోర్ క్లాక్ ఎక్కువైతే కనిపించేది వేరు: గేమ్ ఒక్కటే మూసుకుపోతుంది, లేదా తెర నల్లబడి తిరిగొస్తుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరుతో డిస్‌ప్లే డ్రైవర్ కోలుకున్నట్టు నమోదవుతుంది.

ఏఎమ్‌డీ రేడియాన్ ఆర్ఎక్స్ 6000 కార్డులకు ఈ పద్ధతి యథాతథంగా వర్తించదు. వాటి సాఫ్ట్‌వేర్ అడ్రినలిన్‌లోని వోల్టేజ్ స్లైడర్‌లో 1050 అని పెట్టినంత మాత్రాన కార్డు 1050 దగ్గర ఆగదు. అది కర్వ్ మొత్తాన్ని కిందికి జరుపుతుంది, అంతే.

ఇప్పుడున్న సెట్టింగ్: 875 దగ్గర 1890, మెమరీ +500, పవర్ లిమిట్ 100 శాతం. టైమ్ స్పైలో 320కి బదులు 280 వాట్ల చుట్టుపక్కల, క్లాక్ 1875-1890 మధ్య కదలకుండా. సగటు ఎఫ్‌పీఎస్ స్టాక్ కంటే కాస్త ఎక్కువ, ఫ్రేమ్ టైమ్ గీతలో సూదిమొనలు తగ్గాయి. విండోస్‌తోపాటే సెట్టింగ్ అప్లై అయ్యే గుర్తు ఇన్నాళ్లూ నొక్కలేదు, వారం పాటు ఒక్క క్రాష్ కూడా లేకుండా నడిచాకే నొక్కాలి. ముందే నొక్కితే, అస్థిరమైన సెట్టింగ్ లాగిన్ అవుతూనే పడగొడుతుంది, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ప్రొఫైల్ తీసేయాల్సి వస్తుంది.

రెండో ప్రొఫైల్ మొదలైంది: అదే +165 కర్వ్‌ని 800 దగ్గరే సమతలం చేస్తే 1725 వస్తుంది. క్లాక్ 9 శాతం తగ్గితే కోర్ డైనమిక్ పవర్ లెక్క ప్రకారం దాదాపు 24 శాతం తగ్గాలి. టైమ్ స్పై అయింది, పోర్ట్ రాయల్ లూపులు మిగిలాయి.