తిరిగి వచ్చిన బిరడా

మూడేళ్ల క్రితం చేతిపనుల సంతలో నేను రెండోసారి బల్ల వేసుకున్న రోజు, ఒక పెద్దావిడ చేతిసంచిలోంచి కాగితపు పొట్లం తీసి నా ముందు విప్పింది. అందులో ఉన్నది నా బిరడాయే. నెల క్రితం నా దగ్గరే కొన్నదట. అమ్మేటప్పుడు ముఖం కనిపించేంతగా మెరిసిన తలకాయ మీద ఇప్పుడు బూజు పట్టినట్టు తెల్లమచ్చలు. అడుగు అంచున వేలు పెడితే అంటుకుంటోంది.

“గొడవకి రాలేదమ్మాయ్, డబ్బూ అక్కరలేదు. ఎందుకిలా అయిందో నీకు తెలుస్తుందని తెచ్చాను” అంది.

నాకు తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. “చెక్కలో తడి ఉండిపోయి ఉంటుందండీ” అని నేరాన్ని చెక్క మీదికి తోసి, కొత్తది చేతిలో పెట్టి పంపాను. చెక్క ఎదురు చెప్పదు కాబట్టి సరిపోయింది.

ఆ రాత్రి షెడ్డులో లైటు కింద దాన్ని తిప్పి తిప్పి చూశాను. ఏ సీసాకి పెట్టారని అడగాలనైనా అప్పుడు తోచలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసింది, వైను. నేను వేసిన పూత లక్క. లక్క పలుకులను స్పిరిటులో, అంటే ఆల్కహాలులోనే, రాత్రంతా నానబెట్టి, మధ్యలో లేచి సీసా ఊపి, పొద్దున వడగట్టుకుంటాను. తిరుగుతున్న చెక్కకి దాన్ని గుడ్డతో అద్దితే రాపిడి వేడికి స్పిరిటు ఎగిరిపోయి మెరుపు మిగులుతుంది. అరనిమిషంలో అద్దం తయారు. అంటే లక్క దేనిలో కరుగుతుందో వారం వారం నా చేతులతో నేనే చూస్తున్నాను. చూస్తూనే దాన్ని 12, 13 శాతం ఆల్కహాలు ఉండే సీసా నెత్తిన కూర్చోబెట్టి అమ్మాను. వైనులో మిగతాది చాలావరకు నీరు. నీళ్లు తగిలినా లక్క తెల్లబడుతుంది. దానికి పడనివి రెండూ ఒకే సీసాలో ఉన్నాయి.

పగలు నేను లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాను. తరిమెన మా మావయ్యది. తరిమెన అంటే లేత్, చెక్కను గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం. ఆ మాట ఇప్పుడు వాడేవాళ్లు తక్కువ. అయినా “తరిమెన పట్టడం” అన్నప్పుడు వినిపించే కర్ర చప్పుడు “లేత్ నడపడం”లో నాకు వినిపించదు. ఆయన దాని మీద మంచం కోళ్లు, కుర్చీ కాళ్లు తిప్పేవారు. చూపు తగ్గాక నాకు అప్పగిస్తూ, “చిన్నవాటితో మొదలుపెట్టు, పోయినా చిన్న ముక్కే పోతుంది” అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంకా చిన్నవాటి దగ్గరే ఉన్నాను.

బిరడా తలకి ఒకటిన్నర అంగుళాల చదరం, రెండున్నర అంగుళాల పొడవు ఉన్న ముక్క చాలు. కుర్చీలు చేసేవాళ్లు పొయ్యిలో వేసేదే నాకు పెట్టుబడి. ముడులు, బుడిపెలు, లోపలి ముదురు చేవ బయటి తెల్లచెక్కను కలిసే చోటు, వాళ్లు పక్కన పారేసేవన్నీ నాకు ముద్దు. చెక్క ఆరి ఉండాలన్నది మాత్రం తప్పదు. పచ్చి కర్ర ఆరేటప్పుడు పొడవులో దాదాపు తగ్గదు. అడ్డంగా తగ్గుతుంది, అది కూడా అన్ని వైపులా సమానంగా కాదు. వలయాల వెంబడి ఎంత కుంచించుకుంటుందో, నడిబొడ్డు నుంచి బెరడు వైపు అందులో సుమారు సగమే. ఆ తేడాతో గుండ్రంగా తిప్పింది కోలగా మారుతుంది, లేదా నడుమ బెజ్జం దగ్గర చీలుతుంది. అందుకే ముక్కలను వారానికోసారి తూచి బరువు రాసుకుంటాను. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే. లెక్కల మనిషిని కాబట్టి ఆ పట్టిక నింపడం నాకు పనిలా అనిపించదు.

ముక్క అడుగున నిలువుగా బెజ్జం వేయాలి. అంగుళంలో 16కి 5 వంతుల లావు, అంగుళం లోతు. అందులో ట్యాప్ అనే మరలు కోసే పనిముట్టు తిప్పితే 8కి 3 వంతుల స్క్రూ బిగుస్తుంది. తరిమెనకి బిగించే కడ్డీకీ, తరువాత బిరడాకి తగిలించే, సీసా మూతిలోకి దిగే లోహపు కాలుకీ ఇదే స్క్రూ. మెత్తని చెక్కలో మరలు పొడిపొడిగా రాలిపోతాయి. అప్పుడు పల్చటి సూపర్ గ్లూ రెండు చుక్కలు వేసి, పూర్తిగా గట్టిపడ్డాక మళ్లీ ట్యాప్ తిప్పుతాను. ఆరకముందే తొందరపడితే ట్యాప్ కూడా అక్కడే ఉండిపోతుంది. ఒకసారి ఉండిపోయింది కూడా.

నిమిషానికి 2,000 చుట్లు పెట్టి మొదలుపెడితే, మూలలు పోయేదాకా ఉలి టకటక కొట్టుకుంటుంది. మూలలు పోయిన క్షణం ఆ చప్పుడు ఒక్కసారిగా సన్నని ఊపిరిలా మారుతుంది. అక్కడి నుంచి చెవే నడిపిస్తుంది. ఉలి వెనక వాలును ముందు చెక్కకి ఆనించి, పిడిని కొంచెం కొంచెంగా పైకెత్తాలి. అప్పుడు అంచు తెగడం మొదలుపెట్టి, పొట్టు రిబ్బనులా వచ్చి మణికట్టు మీద పడుతుంది. వెచ్చగా ఉంటుంది. వాలు ఆనకముందే అంచు తగిలిందా, ఉలి కరుచుకుంటుంది, ముక్క ఎగిరి ముఖం మీదికి వస్తుంది. ముఖానికి పెట్టుకునే ప్లాస్టిక్ కవచం మీద నాకు రెండు గీతలు ఉన్నాయి. అవి అక్కడ పడ్డాయి కాబట్టే కళ్లద్దాలు ఇంకా పాతవే వాడుతున్నాను.

నేను చేసిన వాటన్నిటిలో అందమైన బిరడా మీలో ఎవరూ చూడలేదు. చింతచేవ, ముదురు ఊదారంగు, ఒక పక్కన పాలచారలాంటి తెల్లచెక్క. వేళ్లకి పట్టు దొరకాలని తల కింద మెడ సన్నం చేస్తున్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం. పొట్టు రంగు మారకుండానే చప్పుడు మారింది, బోలు డబ్బా మీద గోరు గీసినట్టు. యంత్రం ఆపి చూస్తే మెడ మీద సన్నని కిటికీ, అందులోంచి స్క్రూ మెరుస్తూ కనిపిస్తోంది. బెజ్జం ఎంతవరకు ఉందో మరిచిపోయి దానిలోకే కోసేశాను. చెక్క మీద పెన్సిల్ గీత పెట్టుకోవచ్చు కదా అంటారేమో. మొదటి కోతకే ఆ గీత పొట్టులో కలుస్తుంది. ఇప్పుడు ఉలి ఆనించే ఇనుప పట్టీ మీద సుద్దతో గీస్తున్నాను. పట్టీ తిరగదు, గీత చెరగదు.

మొదట్లో కాలు బెండుతో, అంటే కార్క్‌తో, చేసేదాన్ని. బెండు మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కార్క్ ఓక్ చెట్టును నరకకుండా బెరడు ఒలుచుకుంటారు. ఒకసారి ఒలిచాక మళ్లీ ఒలవడానికి తొమ్మిదేళ్లు ఆగాలి. ప్రపంచంలో వచ్చే బెండులో దాదాపు సగం పోర్చుగల్‌దే. రాబర్ట్ హుక్ 1665లో సూక్ష్మదర్శిని కింద చూసి “సెల్” అని పేరు పెట్టిన గదులు ఈ బెండు ముక్కలోవే. గాలి నిండిన ఆ గదుల గోడలు ముడతలుగా ముడుచుకుంటాయి కాబట్టి పొడవునా నొక్కితే అది పక్కలకి దాదాపుగా ఉబ్బదు. అందుకే సీసా మెడలోకి తోస్తే రబ్బరులా మొరాయించకుండా దిగుతుంది. కానీ రోజూ తీసి పెడుతుంటే అంచులు పలుకులుగా రాలి సీసాలో తేలుతాయి, వాసన పట్టేస్తుంది.

తరువాత రబ్బరు వలయాలున్న లోహపు కాళ్లు తెచ్చాను. చవకవి, తళతళలాడేవి. ఒకటి మా ఇంట్లో వెనిగర్ సీసాకి పెట్టుకున్నాను. కొన్ని వారాలకి మెరుపు కింద పొక్కులు లేచి, పెచ్చు ఊడి, లోపల బూడిదరంగు జింకు మిశ్రమలోహం బయటపడింది. సీసాలో ఆ పెచ్చును వెతికి తీసిన రోజే మిగిలినవన్నీ పక్కన పడేశాను. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలుకి దిగాను. ఖర్చులో చెక్క ఎటూ దాదాపు సున్నా, కాలే అసలు ఖర్చు. కొనేవాళ్లు చూసేది తలనే. తొలి ఏడాది నేనూ తలనే చూశాను.

పూత కూడా మార్చాను. సూపర్ గ్లూనే పూతగా వేసేవాళ్లున్నారు. గట్టిగా నిలుస్తుంది, కానీ పట్టుకుంటే ప్లాస్టిక్ గోలీలా ఉంటుంది, పైగా ఆ ఆవిరికి కళ్లు మండుతాయి. నేను అవిసె నూనెకి వచ్చి ఆగాను. అది ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డాక వైనులోని ఆల్కహాలుకి లక్కలా కరగదు. గట్టిపడటం నెమ్మది కాబట్టి సంతకి ముందు వారం చేసింది సంతకి అందదు, అదే చిక్కు. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి పారేయకండి. గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతట అవే అంటుకోగలవు. నేను తీగ మీద విడివిడిగా ఆరేస్తాను.

సంతలో మొదటిసారి 60 బిరడాలు వరసగా పేర్చాను. జనం చూసి, బాగున్నాయని వెళ్లిపోయారు. ఇప్పుడు 20 మించి పెట్టను. వాటి పక్కన మూడు ఖాళీ సీసాలు ఉంటాయి. మాట కలిపే పని సీసాలే చేస్తాయి. మనిషి బిరడా అందుకుంటాడు, బొటనవేలితో నిమురుతాడు, ఇక చెయ్యి దానంతట అదే సీసా వైపు పోతుంది. దిగేటప్పుడు రబ్బరు వలయాలు చేసే చిన్న “గుప్పు” విన్నవాళ్లు తిరిగి కింద పెట్టడం అరుదు. వైను సీసా మూతి లోపలి కొలత సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు, అందులో పెద్ద తేడా రాదు. నూనె సీసాలు అలా కాదు. ఏ సీసాకి అని ఇప్పుడు నేనే ముందు అడుగుతున్నాను.

ఒక్కో బిరడాకి నాకు 40 నిమిషాలు పడుతుంది, అందులో సగం ఉప్పుకాగితానికే. 120 నంబరుతో మొదలుపెట్టి 600 దాకా ఒక్కటీ వదలకుండా వెళ్లాలి. 180 దగ్గర బద్ధకించిన గీత నూనె పడగానే వెక్కిరిస్తుంది. సంతలో నిలబడిన గంటలు కూడా కలిపి ఒకసారి లెక్క వేశాను. ఉద్యోగంలో అలాంటి లెక్క ఎవరైనా తెస్తే ఈ వ్యాపారం మూసేయమని చెప్పేదాన్ని. ఆ కాగితం షెడ్డులో ఉలుల కింద పరిచి ఉంది, నూనె మరకలకి పనికొస్తోంది.

తెల్లమచ్చల బిరడాను నేను బాగుచేయలేదు. బిరడాలు నిలబెట్టే పలకలో చివరి బెజ్జం దానిదే. పూత సంగతి అడిగినవాళ్లకి చూపిస్తాను. కిందటి సంతలో ఆ పెద్దావిడ మళ్లీ వచ్చింది. నేను నోరు తెరవకముందే దాన్ని గుర్తుపట్టి చేతిలోకి తీసుకుంది.

“ఇది నాదే కదూ?”

మీదేనండీ అన్నాను. ఆ రోజు చెక్క మీద వేసిన నేరం అబద్ధమనీ, తప్పు నా లక్కదనీ చెప్పాను. ఆవిడ మచ్చల మీద వేలు తిప్పుతూ అంతా విని, “అయితే మళ్లీ పట్టుకెళ్తాను, దీని తల నాకు నచ్చింది” అంది.

నూనె సీసాకైతే సరేనన్నాను.