నూట ఎనభై కిలోలు

ధాన్యం బండ్లు తూచే మా కాటా మూసి ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది. అన్నం తినబుద్ధి కాలేదు. అత్తయ్యగారు రెండుసార్లు పిలిచి ఊరుకున్నారు. ఆయన "రేపు చూసుకుందాంలే" అని పడుకున్నారు. ఆయన సంగతి మీకు తెలిసిందే. నాకు మాత్రం ఒక రైతు చీటీలో పడిన 8,460 కిలోలు అనే అంకె కళ్ల ముందు నుంచి కదలడం లేదు. అది 8,640 అయి ఉండాలి.

దాళ్వా, అంటే రెండో పంట, కోతలు మొదలయ్యాయి. మండపేట రోడ్డు మీద పొద్దుటి నుంచీ ధాన్యం ట్రాక్టర్లే. కంప్యూటరును కొత్త గదిలోకి మార్చి నాలుగు రోజులైంది. పాతది నిరుడు పిడుగు పడినప్పుడు పోయింది కదా, కొత్తదానికి వెనక తొమ్మిది పిన్నుల పోర్టే లేదు. అందుకని యూఎస్‌బీకి తగిలించే కన్వర్టరు కొన్నాను. అప్పటి నుంచీ ఇదే బాధ. కాటా తూకం చూపే ఇండికేటరు మీద ఎర్రటి అంకెలు నిలకడగా ఉంటాయి. అదే తూకం కంప్యూటరు తెర మీదికి వచ్చేసరికి మధ్యలో ఒక ప్రశ్నార్థకం, పక్కన ఒక ఖాళీ పెట్టె. నాలుగోసారికో అయిదోసారికో సరిగ్గా పడుతుంది. బండ్లు వంతెన దాకా ఆగిపోయేసరికి, పాత గదిలో ఇండికేటరు దగ్గర నిలబడి కుర్రాడు ఫోనులో అంకె చెప్పాడు, నేను చేత్తో కొట్టాను. ఆరూ నాలుగూ అక్కడే తారుమారయ్యాయి.

రాత్రి అతని నోటుబుక్కుతో చీటీలు సరిచూస్తుంటే బయటపడింది. నూట ఎనభై కిలోలంటే రెండు బస్తాల ముప్ఫై కిలోలు. ఆ రైతు చీటీ అందుకుని ఒక్క క్షణం దాని వైపే చూశాడు. ఏమీ అనలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

నా కోపమంతా ఆ రాజమండ్రి దుకాణం మీదే. కన్వర్టరు అడిగితే గాజుబల్ల మీద మూడు పడేసి "అన్నీ ఒకటే మేడమ్, ఏదైనా తీసుకోండి" అన్నాడు. ఒకటే ఎలా అవుతాయి? ఆర్‌ఎస్-232 అనేది యంత్రాలు వైరులో అంకెలు పంపుకునేందుకు 1960లో వచ్చిన ప్రమాణం, మన ఇండికేటరు వాడేది అదే. అందులో ఒకటి అని చెప్పాలంటే వైరులో మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నా అంటే ప్లస్ వైపు అన్నే. అతను ముందుకు తోసిన పచ్చటి చిన్న బోర్డు సున్నాకూ అయిదు వోల్టులకూ మధ్య పనిచేసే రకం. మన ఇండికేటరు తీసుకెళ్లి దానికి కలిపితే ఆ బోర్డు కాలిపోవచ్చు. మూడోది ఆర్‌ఎస్-485 అనే మరో ప్రమాణానిది, దానికసలు భాషే వేరు. ఏ చిప్పు ఉందని అడిగితే "చైనాది" అన్నాడు. చిప్పు పేరు ఎందుకు అడిగానంటే, కొన్ని పాత చిప్పులకు, వాటి నకళ్లకు కొత్త విండోస్‌లో డ్రైవరు సాఫ్ట్‌వేరు ఎక్కదు. సీజన్‌లో ఆ తంటా పడే తీరిక ఎవరికి ఉంటుంది? తెలియదని చెబితే నేను ఏమీ అనుకునేదాన్ని కాదు. తూకం యంత్రానికి అని ముందే చెప్పాను. పాటలు వినే వైరు అమ్మినట్లు అమ్మాడు.

ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల ఎందుకో మీలో కొందరికి ఇదివరకే చెప్పాను. నాన్న కౌలుకు చేసే రోజుల్లో కళ్లంలోనే కాటా వేసేవారు. "లాభం... రెండు... మూడు..." అని కాటా మనిషి పాడినట్లుగా లెక్కపెడుతుంటే, నాన్న నా గౌను జేబు నిండా చింతపిక్కలు పోసి "బస్తాకొకటి ఈ జేబులోంచి ఆ జేబులోకి వెయ్యి తల్లీ" అనేవారు. ఎండకు పిక్కలు చేతికి జారుతూ నున్నగా తగిలేవి. ఒకసారి నా ఎడమ జేబులో నలభై రెండు, షావుకారు పుస్తకంలో నలభై ఒకటి. నేను గట్టిగా చెప్పాను. మళ్లీ చెప్పాను. షావుకారు నవ్వి "పాప ఆటలో పడి ఒకటి ఎక్కువ వేసుకుంది" అన్నాడు. నేను ఆడలేదు, ఒక్కసారి కూడా తల తిప్పలేదు. నాన్న నా వైపు చూసి, ఆయన వైపు చూసి, "సరేలెండి" అన్నారు. డెబ్బై అయిదు కిలోలు. ఇంటికి వెళ్లేదాకా నాన్న మాట్లాడలేదు, ఆ పిక్కలు తిరిగి అడగనూ లేదు.

అందుకే తూకానికీ చీటీకీ మధ్య మనిషి చెయ్యి ఉండకూడదని నేను ఇంతగా కొట్టుకునేది. ఇవాళ ఆ చెయ్యి నాదే అయింది.

ఇంతవరకు రాసి భీమవరంలో తమ్ముడికి ఫోను చేశాను. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ మీటర్ల వైర్లన్నీ వాడే లాగించాడు. "అక్కా, కన్వర్టరు మీద రెండో పిన్ను, మూడో పిన్ను కలిపి చూశావా?" అన్నాడు. చూడలేదు. కన్వర్టరు బ్యాగులోనే ఉంది. పిల్లవాడి లాప్‌టాప్‌కు తగిలించి, పంపేదీ అందుకునేదీ అయిన ఆ రెండు పిన్నులూ హెయిర్ పిన్నుతో కలిపి అక్షరాలు కొట్టాను. కొట్టినవన్నీ పొల్లుపోకుండా తిరిగి వచ్చాయి. వందసార్లు కొట్టినా అంతే. అంటే కన్వర్టరు మంచిదే. దాని మీద ఇందాక చూపిన కోపం వెనక్కి తీసుకుంటున్నాను. "అన్నీ ఒకటే" అన్న మాటను మాత్రం క్షమించను.

తప్పు వైరుది. గది మార్చినప్పుడు నలభై మీటర్లు లాగించాం. 232కి పదిహేను మీటర్లు దాటితే భరోసా లేదు. వేగం సెకనుకు 9600 బిట్ల నుంచి 2400కు తగ్గిస్తే కొంత నయమేనట, అప్పుడు కూడా సెకనుకు 240 అక్షరాలు వెళతాయి, తూకానికి అది చాలా ఎక్కువ. కానీ పక్కన మోటారు ఆన్ చేస్తే ఏమవుతుందో అన్న భయంతో నేను సీజన్ గడపలేను. 485 అయితే రెండు మెలి తీగల మధ్య తేడానే చూస్తుంది. బయటి అలజడి రెండింటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడా మారదు. 1200 మీటర్ల దాకా వెళుతుంది. తమ్ముడి చెరువుగట్ల మీద పరిచింది అదే.

కాబట్టి ఇండికేటరు దగ్గర 232 నుంచి 485కు మార్చేది ఒకటి, కంప్యూటరు దగ్గర 485 నుంచి యూఎస్‌బీకి ఒకటి. పోర్టు నుంచే కరెంటు లాక్కునే రకం చవకగా ఉంది, మొదట అదే అనుకున్నాను. మన ఇండికేటరు నుంచి వచ్చేవి మూడే తీగలు, దానికి కరెంటు అందించే పిన్నులే లేవు. విడిగా అడాప్టరు ఉన్నదే కావాలి. లోపల సంకేతం కాంతిగా మారి దాటే ఐసొలేషన్ రకమే తీసుకుంటాను. రెండు గదుల ఎర్తులు వేరు, నిరుటి పిడుగు నేను మరిచిపోలేదు. అవి వచ్చేదాకా కంప్యూటరు బల్ల పాత గదిలోకి, ఇండికేటరు పక్కకే వెళుతుంది. ఆయనకు నచ్చదు. పొద్దున చెబుతాను.

చీటీ మీద ఉన్న నంబరుకు ఇందాకే ఫోను చేశాను. రైతు భార్య ఎత్తింది. సంగతంతా చెప్పి క్షమించమన్నాను. "ఆయన కూడా తగ్గిందనే అనుకున్నారమ్మా. మిషను చెప్పింది కదా అని ఊరుకున్నారు" అంది.

సరిచేసిన చీటీ బ్యాగులో పెట్టాను. మిల్లువాళ్లు లెక్క కట్టేలోపు వాళ్ల బల్ల మీద ఉండాలి. అయిదింటికి అలారం పెట్టుకున్నాను.