రెండు గంటలకోసారి

"ఇప్పుడే కునుకు పట్టింది సిస్టర్, మా అమ్మని ఇంకాసేపు కదిలించబాకండి."

కోవూరు పెద్దావిడ, తుంటి ఎముక ఆపరేషన్ అయింది. కొడుకు మంచానికి అడ్డంగా నిలబడిపోయాడు. రాత్రంతా మూలుగుతూనే ఉందంట, ఆయన బాధ న్యాయమే.

అయినా ఒప్పించి, కాళ్ల మధ్య దిండు పెట్టి, ఇద్దరం కలిసి మెల్లగా పక్కకి తిప్పాం. కదలకుండా ఒకే తీరుగా పడుకుని ఉండటంతో నడుం కింద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ. మామూలు ఎరుపైతే వేలితో నొక్కి వదిలినప్పుడు ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ వస్తుంది, ఇది మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. అంటే లోపల కండ దెబ్బతినడం మొదలైంది, ఇక్కడ పట్టుకోకపోతే పుండు పడుతుంది. ఆయనకి చూపించి చెప్పాను. గొంతు మారిపోయింది. "ఎన్ని గంటలకోసారి తిప్పాలమ్మా" అని అడిగి ఫోన్లో అలారం పెట్టుకున్నాడు.

స్కానింగ్ గురించి, ఇంజెక్షన్ల గురించి అందరూ అడుగుతారు. అన్నం పెట్టేముందు తల ఎత్తుగా ఉందా, రాత్రి మంచం రైలింగ్ పైకి లేపారా అని అడిగేవాళ్లు తక్కువ. మందు ఇచ్చే ప్రతిసారీ పేరు అడిగి, చేతి పట్టీ మీద నంబర్ చూస్తే కొందరు విసుక్కుంటారు కూడా. విసుక్కున్నా అడగాల్సిందే, మన నెల్లూరులో ఒకే వార్డులో ఇద్దరు పెంచలమ్మలు ఉండటం వింతేం కాదు కదా!

ఆ మచ్చ సంగతి చార్టులో రాసి, నైట్ డ్యూటీ సిస్టర్‌కి నోటితో కూడా చెప్పి వచ్చాను. మంచాలు నిండిపోయి మనుషులు తక్కువైన రోజు ముందుగా ఆగిపోయేది ఈ తిప్పడమే, నా టెన్షనంతా దాని గురించే.