అక్టోబరులో ఒక గులాబీ రోజు

గులాబీ రంగు వేసుకోవడం వేరు, గులాబీ రంగు కొనడం వేరు అన్న సంగతి ఈ రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏదో ఒక రూపంలో నా ముందుకు వస్తూనే ఉంది. అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసం కాబట్టి ఈ రోజు అందరూ గులాబీ రంగు దుస్తుల్లో రావాలని కార్యాలయంలో ముందుగానే చెప్పారు. నేను లేత గులాబీ చొక్కా వేసుకుని, ఈ అవగాహనకు గుర్తుగా పెట్టుకునే, నిరుడు పిన్ని ఇచ్చిన చిన్న గులాబీ రిబ్బన్‌ను జేబు పైన గుచ్చుకుని వెళ్లాను. అందరినీ వరుసగా నిలబెట్టి ఫొటోలు తీశారు, ఆ తరువాత ఎవరి పనికి వారు వెళ్లిపోయారు. ఆ కార్యక్రమం గురించి రాయడానికి అంతకంటే ఏమీ లేదు.

రాయవలసింది మధ్యాహ్నం జరిగిన మాటల గురించి. పక్క విభాగంలో పనిచేసే ఒకాయన, నాకంటే వయసులో చాలా పెద్దవారు, భోజనాల దగ్గర నా రిబ్బన్ కేసి చూసి, "ఇది ఆడవాళ్ల జబ్బు కదండీ, మనం కూడా పెట్టుకోవాలా?" అని అడిగారు. తెలుసుకోవాలనే అడిగారు కాబట్టి నేనూ తెలిసినంత వరకు వివరంగానే చెప్పాను. మగవారిలో కూడా రొమ్ము కణజాలం కొద్దిగా ఉంటుందని, ఈ క్యాన్సర్ వచ్చినవారిలో అర శాతం నుంచి ఒక శాతం దాకా మగవారేనని, తమకు అది వస్తుందన్న ఆలోచనే లేకపోవడం వల్ల వారిలో చాలామంది ఆలస్యంగా డాక్టరు దగ్గరికి వెళ్తారని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత గొంతు తగ్గించి, తన భార్యకు చంకలో చిన్న గడ్డ తగులుతోందని, నొప్పి లేదు కాబట్టి ఇద్దరూ పట్టించుకోలేదని, తమ రెండు కుటుంబాల్లోనూ ఎవరికీ ఈ జబ్బు లేదు కనుక భయపడనక్కర్లేదని అనుకున్నామని చెప్పారు.

ఆయన ధైర్యంగా చెప్పుకున్న ఆ రెండు కారణాల్లో ఏదీ నిలిచేది కాదు. నొప్పి లేకపోవడం మంచి సూచన అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఈ క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి లేని గడ్డగానే తెలుస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే జన్యు లోపాల వల్ల కలిగే రొమ్ము క్యాన్సర్లు మొత్తంలో ఐదు నుంచి పది శాతం మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం దాదాపు సగం కేసుల్లో ఆడవారై ఉండటం, వయసు పెరగడం తప్ప వేరే ప్రత్యేకమైన కారణమేదీ కనిపించదు. అయితే ఆయన్ని భయపెట్టి పంపడం నాకు ఇష్టం లేదు. రొమ్ములో గానీ చంకలో గానీ తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావని, కానీ ఏది అవునో ఏది కాదో చేత్తో తడిమి ఇంట్లో తేల్చుకోలేమని, డాక్టరు చూసి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) గానీ అల్ట్రాసౌండ్ గానీ తీయించి, అవసరమైతే ముక్క పరీక్ష, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష, చేస్తేనే తెలుస్తుందని చెప్పాను. చర్మం మీద సొట్ట పడటం, నారింజ తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు కనిపించడం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాని నుంచి రక్తం లేదా ఏదైనా ద్రవం రావడం, ఒక రొమ్ము ఆకారం మారడం వంటి గుర్తులు కూడా చెప్పాను. పక్కనే కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు మాటలు ఆపి విన్నారు. వారిలో ఒకరు మామోగ్రామ్ ఏ వయసు నుంచి తీయించుకోవాలని అడిగితే, అమెరికాలోని నిపుణుల బృందం 2024లో 40 ఏళ్ల నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకు ఒకసారి అని సూచించిందని, కొన్ని దేశాల్లో 50 నుంచి మొదలుపెడతారని, కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవారు అంతకంటే ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలని చెప్పాను. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ఆ పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చి, రేపటికి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నామని చెప్పి వెళ్లారు. గులాబీ చొక్కా వేసుకోవడం వల్ల ఏం ఒరుగుతుందని ఎవరైనా అడిగితే ఈ మధ్యాహ్నం గురించే చెబుతాను. ఊరికే కూర్చుని ఉంటే ఆయన నన్ను ఆ ప్రశ్న అడిగేవారు కాదు, తన ఇంటి సంగతీ చెప్పి ఉండేవారు కాదు.

ఈ మాసం ఎలా మొదలైందో కూడా చెప్పుకోవాలి. 1985లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ ఔషధ విభాగం కలిసి దీన్ని మొదలుపెట్టాయి. ఆ కంపెనీయే రొమ్ము క్యాన్సర్‌కు వాడే టమోక్సిఫెన్ మందు తయారుదారు. అంటే అవగాహన, అమ్మకం మొదటి రోజు నుంచీ పక్కపక్కనే నడిచాయి. ఇంత మాత్రాన మాసమంతా వ్యాపారమని నేను అనను, ఎందుకంటే ఆ మందు ఎందరినో కాపాడింది, మామోగ్రామ్ గురించి బయటికి మాట్లాడే అలవాటును ఆ ప్రచారమే పెంచింది. కానీ ఆ రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఏది ఎక్కడ ముగుస్తుందో చూసుకోవలసిన పని మన మీదే పడుతుంది.

రిబ్బన్ కథ నన్ను ఇంకా ఎక్కువగా కదిలిస్తుంది. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో షార్లట్ హేలీ అనే పెద్దావిడ, తన అమ్మమ్మ, అక్కచెల్లెలు, కూతురు ఈ జబ్బు పడటం చూసిన మనిషి, తన ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని పీచు పండు రంగు రిబ్బన్లు చేతితో తయారుచేసేది. ప్రతి ఐదు రిబ్బన్లతో ఒక కార్డు జతచేసేది. జాతీయ క్యాన్సర్ సంస్థ ఏడాది బడ్జెట్ 180 కోట్ల డాలర్లయితే అందులో ఐదు శాతమే క్యాన్సర్ రాకుండా చూసే పనికి వెళ్తోందని, ఈ రిబ్బన్ పెట్టుకుని చట్టసభల వారిని మేల్కొలపమని ఆ కార్డు మీద ఉండేది. వేలకొద్దీ పంచింది. 1992లో సెల్ఫ్ పత్రిక, ఎస్టే లాడర్ సౌందర్య సాధనాల కంపెనీ కలిసి పనిచేద్దామని ఆమెను అడిగితే, మీది మరీ వ్యాపార ధోరణి అని ఆమె ఒప్పుకోలేదు. న్యాయవాదులు వేరే రంగు ఎంచుకోమని సలహా ఇచ్చారు, అలా గులాబీ రంగు వచ్చింది. ఆ ఏడాది ఎస్టే లాడర్ దుకాణాల్లో 15 లక్షల గులాబీ రిబ్బన్లు పంచారు. రిబ్బన్ ప్రపంచమంతా చేరింది గానీ కార్డు మీది ప్రశ్న మాత్రం వెనకే ఉండిపోయింది. డబ్బు ఎక్కడికి వెళ్తోంది, ఎంత వెళ్తోంది అన్నదే ఆ ప్రశ్న, నేను ఈ రోజు దుకాణంలో కూడా అదే అడుగుతూ నిలబడ్డాను.

ఇంటికి వస్తూ సబ్బులు కొందామని ఆగాను. ఒక వరుస మొత్తం గులాబీ రంగు పెట్టెలే ఉన్నాయి, ప్రతి దాని మీదా రిబ్బన్ బొమ్మ ఉంది. ఒక దాని మీద "రొమ్ము క్యాన్సర్ అవగాహనకు మా మద్దతు" అని మాత్రమే రాసి ఉంది, ఎవరికి ఎంత ఇస్తారో ఎక్కడా లేదు. ఇంకో దాని మీద అమ్మకాల్లో కొంత భాగం అని ఉంది, ఆ కొంత ఎంతో లేదు. మూడోది మాత్రం ఒక్కో పెట్టెకు ఇంత అని, ఏ సంస్థకు అని చెప్పి, కిందనే చాలా చిన్న అక్షరాల్లో గరిష్ఠ మొత్తం ఒకటి పెట్టింది. ఆ గరిష్ఠం దాటిన తరువాత మనం ఎన్ని కొన్నా ఆ సంస్థకు అదనంగా ఒక్క పైసా కూడా వెళ్లదు, ఆ హద్దు ఏ రోజున దాటిందో పెట్టె మీద తెలియదు. అమెరికాలో యోప్లే పెరుగు కంపెనీ కొన్నేళ్ల పాటు నడిపిన ప్రచారంలో, కొన్నవారు గులాబీ మూతలను కడిగి, పోస్టులో పంపితే ఒక్కో మూతకు 10 సెంట్లు విరాళమిచ్చేది. మూత పంపనివారి కొనుగోలు వల్ల విరాళం పెరగలేదు. ఇలాంటి వాటిని చూసే, శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే సంస్థ 2002లో "థింక్ బిఫోర్ యు పింక్" అన్న ఉద్యమం మొదలుపెట్టి, కొనేముందు ఎంత డబ్బు, ఎవరికి, దేనికోసం అని అడగమంది. ఆ వస్తువులోనే క్యాన్సర్‌తో సంబంధం ఉన్న పదార్థాలు ఉన్నాయా అని కూడా అడగమంది. అడిగి తీరవలసిన ప్రశ్నలు అవి.

అయితే గులాబీ డబ్బంతా వృథా అనేవారితో కూడా నేను ఏకీభవించను. అమెరికా తపాలా శాఖ 1998లో రొమ్ము క్యాన్సర్ పరిశోధన కోసం ఒక తపాలా బిళ్ల విడుదల చేసింది. మామూలు బిళ్ల 32 సెంట్లు ఉన్న కాలంలో దాన్ని 40 సెంట్లకు అమ్మారు. అదనంగా వచ్చిన డబ్బులో 70 శాతం జాతీయ ఆరోగ్య సంస్థలకు, 30 శాతం రక్షణ శాఖ వైద్య పరిశోధనకు వెళ్లాలని చట్టంలోనే రాశారు, అలా ఇప్పటికి 9 కోట్ల డాలర్లకు పైగా పోగైంది. అదే 1998లో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ మందు వెనక డెనిస్ స్లామన్ అనే వైద్యుడి ఏళ్ల తరబడి శ్రమ ఉంది, ఆ పరిశోధనకు చేయూతనిచ్చిన వాటిలో రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ విరాళం ఒకటి. హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే క్యాన్సర్లు, అంటే మొత్తంలో ఆరింట ఒకటి నుంచి ఐదింట ఒకటి దాకా, ఒకప్పుడు వేగంగా ముదిరిపోయేవి, ఆ మందు వాటి చికిత్సనే మార్చేసింది. లిప్‌స్టిక్ అమ్మిన కంపెనీ డబ్బే ఒక ప్రయోగశాలకు నేరుగా చేరి ప్రాణాలు నిలబెట్టిందంటే, తప్పు రంగులోనూ వ్యాపారంలోనూ లేదు, లెక్క చెప్పకపోవడంలో ఉంది. నేను ఈ రోజు మామూలు సబ్బులే కొన్నాను, గులాబీ పెట్టె మీద ఎక్కువ పెట్టవలసి వచ్చే డబ్బును, దానికి ఇంకొంత కలిపి, రోగుల మందుల ఖర్చు భరించే ఒక ధర్మ నిధికి పంపి రసీదు దాచుకున్నాను.

రాత్రి పిన్నికి ఫోన్ చేశాను. ఆమెకు ఈ జబ్బు తగ్గిందనుకున్న కొన్నేళ్లకు ఎముకల్లోకి వచ్చింది, ఇప్పుడు నాలుగో దశ, మందులు ఆపకుండా వాడుతూనే ఉండాలి. చొక్కా సంగతి చెబితే సంతోషించింది. "వేసుకోరా, నలుగురూ అడుగుతారు, నలుగురికీ చెప్పు" అంది. అంతలోనే, "కానీ ఆ వేదికల మీద గెలిచాం, ఓడించాం అంటుంటే మాత్రం నేను వినలేను నాన్నా. నేను ఓడిపోయినదాన్నా? మందులు వేసుకుంటున్నాను, వంట చేసుకుంటున్నాను, నీతో మాట్లాడుతున్నాను" అంది. నాకు ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. ప్రపంచంలో 2022లో 23 లక్షల మంది ఆడవారికి ఈ క్యాన్సర్ ఉందని తేలింది, 6,70,000 మంది చనిపోయారు. ఆ చనిపోయినవారిలో దాదాపు అందరికీ అది ఇతర అవయవాలకు పాకిన తరువాతే ప్రాణం పోతుంది. అలాంటి దశలో ఉన్నవారి కోసం అక్టోబరు 13ను ప్రత్యేకంగా పాటిస్తారని ఆమెకు తెలుసు, కానీ ఆ తేదీ గురించి మా కార్యాలయంలో గానీ, ఆమె వెళ్లే ఆసుపత్రిలో పెట్టిన గులాబీ తోరణాల దగ్గర గానీ ఎవరూ ఒక్క మాట అనలేదు. అవగాహన అంటే తొలి దశలో కనుక్కోవడం గురించి మాత్రమే అయితే, ఆలస్యంగా కనుక్కున్నవారు, ముందే కనుక్కున్నా తిరిగి వచ్చినవారు తమ తప్పేదో ఉన్నట్టు తల వంచుకోవలసి వస్తుంది. పిన్నికి మొదటిసారి గడ్డ కనిపించిన వారంలోనే పరీక్షలు చేయించాం, అయినా తిరిగి వచ్చింది. ఈ విషయం కూడా గులాబీ చొక్కా వేసుకున్నవాడు చెప్పాలి.

ఫోన్ పెట్టేశాక, కార్యక్రమం నిర్వహించినవారికి ఒక ఉత్తరం రాశాను. రాబోయే ఏడాది రిబ్బన్లతో పాటు జబ్బు గుర్తులు రాసిన కాగితం ఒకటి అందరికీ, మగవారికి కూడా, ఇమ్మని అడిగాను. బెలూన్లకు, బ్యానర్లకు అయ్యే డబ్బును రోగుల సహాయ నిధికి పంపి, రసీదు నోటీసు బోర్డు మీద పెట్టమని, చికిత్స జీవితాంతం కొనసాగేవారిలో ఎవరైనా ఇష్టపడితే వారినీ మాట్లాడనివ్వమని రాశాను. అన్నిటికంటే ముఖ్యంగా, లక్షణాలతో డాక్టరు దగ్గరికి వెళ్లిన 60 రోజుల్లోపు జబ్బేదో తేలిపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యంగా పెట్టుకుందని గుర్తుచేసి, మామోగ్రామ్ కోసం గానీ ముక్క పరీక్ష కోసం గానీ వెళ్లే ఉద్యోగికి, ఇంట్లోవారిని తీసుకెళ్లే ఉద్యోగికి కూడా, జీతం కోత లేకుండా ఒక పూట సెలవు ఇవ్వాలని అడిగాను. ఆ పెద్దాయన రేపటి అపాయింట్‌మెంట్ కోసం తన సెలవుల్లోంచి ఒకటి వాడుకుంటున్నారు, ఆ సెలవును తిరిగి ఆయన ఖాతాలో వేయవలసిందిగా, పేరు రాయకుండా, ఉత్తరం చివర కలిపాను.