సర్వ లేని సర్వపిండి

మా కోడలిది గుంటూరు. హనుమకొండకు కాపురానికి వచ్చి ఆరేళ్లయినా, మొన్న ఆదివారం దాకా ఆమె లెక్కలో సర్వపిండి అంటే ‘సర్వం’ కలిపిన పిండి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, వెల్లుల్లి, కరివేపాకు, కారం అన్నీ పడతాయి కదా, అందుకే ఆ పేరు అనుకుందట. తప్పు ఆమెది కాదు. మా ఇంట్లో ఏనాడూ సర్వను చూస్తేగా! మేము కాల్చేది పెనం మీద.

సర్వ అంటే పాత్ర అని చెప్పాను. మా అమ్మకు రెండుండేవి. ఇత్తడిదాంట్లో స్నానానికి నీళ్లు కాగేవి. సిల్వర్‌ది పిండికి. (సిల్వర్ అంటే వెండి అనుకునేరు, అల్యూమినియానికి మన వంటిళ్లు ఇచ్చిన బిరుదు అది.) పిండి ముద్దను సర్వ లోపల అడుగున పెట్టి, వేళ్లతో అద్దుతూ గోడల మీదికి ఎక్కించేది. అక్కడక్కడ వేలితో బొక్కలు పొడిచి, వాటిలో నూనె చుక్కలు వేసి మూతపెట్టేది. మధ్యమధ్య సర్వను పక్కకు వంచి తిప్పితేనే గోడలకున్న పిండి కాలేది. అందుకే అంచు కరకరలాడేది, నడుమ మెత్తగా ఉండేది. పెనం మీద ఆ తేడా రాదు, ఎవరేమన్నా సరే.

వేడి సర్వలో రెండో ముద్ద అద్దితే చేతులు కాలతాయి. అందుకని బోర్లించి పైన చన్నీళ్లు పోసేది. పిల్లలం ఆ చప్పుడు కోసమే పొయ్యి దగ్గర కాచుకుని కూర్చునేవాళ్లం.

“మామయ్యగారూ, మా వైపు దీన్నే తపేలా చెక్క అంటాం” అంది కోడలు. అని, తనే ఆగిపోయింది. తపేలా కూడా గిన్నే! కరీంనగర్ వైపు గిన్నెప్ప. కొన్ని ఇళ్లలో గంజుపిండి. గంజు అన్నా వంటగిన్నే. ఇన్ని పేర్లలో ఒక్కటైనా బియ్యానిది కాదు, నువ్వులది కాదు. పాపం, అన్ని నువ్వులు పోసినా పేరు మాత్రం గిన్నె కొట్టేసింది.

అటక మీది సర్వను దింపాం. అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అమ్మ పేరు, పక్కన 1974. లోపల పాత తాళాలు, తుప్పు మేకులు. తోమి గ్యాస్ పొయ్యి మీద పెడితే ఊగింది. కోడలు పట్టుకారుతో అంచు పట్టుకుని కాల్చింది. మొదటిది మాడింది. రెండో ముద్దకు ముందు సర్వను సింకులో బోర్లించి నల్లా తిప్పింది.

చుయ్‌మంది.